కుడికి లాగే కారులో హంసలదీవికి

“చెరి సగం పెట్టి కొందాం. మొదటి ప్రయాణం హంసలదీవికి, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి. వెళ్లేటప్పుడు నేను నడుపుతాను, వచ్చేటప్పుడు నువ్వు.” ముప్పై ఎనిమిదేళ్ల క్రితం బందరు కాలేజీ స్టాఫ్ రూములో నాకీ మాట ఇచ్చినవాడు లెక్కల లెక్చరరు విశ్వేశ్వరరావు. నేను చరిత్ర చెప్పేవాణ్ణి. గుడివాడలో ఒక డాక్టరు గారు తన తెల్ల అంబాసిడర్ అమ్ముతున్నారన్న కబురు తెచ్చింది కూడా నేనే. ఆదివారం ఇద్దరం వెళ్లి బయానా ఇవ్వాలనుకున్నాం. వాడు శనివారమే వెళ్లి, ఒక్కడే కొనేసి, సాయంత్రానికి నా ఇంటి ముందు నుంచి హారన్ కొట్టుకుంటూ పోయాడు. సింహాసనాల కోసం తోడబుట్టినవాళ్ల కళ్లు పొడిపించిన రాజుల గురించి పాఠం చెబుతూ, ఇంత చిన్నదానికి అంత కక్షా అనుకునేవాణ్ణి. ఆ సాయంత్రం తర్వాత ఎప్పుడూ అలా అనుకోలేదు.

పోయిన వానాకాలంలో వాడు చనిపోయాడు. అతని భార్య కారు అమ్మకానికి పెట్టిందని తెలిసి, ఎనభై వేలకు బేరమాడకుండా తెచ్చుకున్నాను. ఈ నెలాఖరుతో నా లైసెన్సు గడువు అయిపోతుంది. ఈసారి సంతకం పెట్టనని కళ్ల డాక్టరు ముందే చెప్పేశారు. అంటే ఆ కారును నా చేత్తో హంసలదీవికి నడిపే అవకాశం ఈ నెలలోనే. తీరా చూస్తే బ్రేకు తొక్కినప్పుడల్లా కారు కుడికి లాగుతోంది. యాభై దాటితే స్టీరింగు వణుకుతోంది. గుడివాడ తీసుకెళ్లి ఎనిమిది వందలిచ్చి కంప్యూటర్ అలైన్‌మెంట్ చేయించాను. చక్రాల కోణాలన్నీ సరిగ్గా ఉన్నాయని కాగితం చేతికిచ్చారు. ఆ కాగితం జేబులో పెట్టుకుని బందరు దాకా కుడికి లాగించుకుంటూనే వచ్చాను.

శుక్రవారం ఉదయం ఆరున్నరకు బందరులో బయలుదేరాను. చల్లపల్లి ముప్పై కిలోమీటర్ల లోపే, దారి బాగుంటుంది. అయితే మినుము తీతల రోజుల్లో వెళ్లేవారు ఒకటి గమనించుకోవాలి. రైతులు పీకిన మినుము మొక్కల్ని రోడ్డు మీద పరుస్తారు. వచ్చే పోయే బండ్ల చక్రాల కింద అవే నలిగి గింజ రాలుతుంది. చల్లపల్లి ఇంకా రెండు కిలోమీటర్లుందనగా అలాంటి పరుపు మీద నేను బ్రేకు తొక్కాను. కారు ఒక్కసారిగా కుడికి తిరిగి, ఎదురుగా ధాన్యం బస్తాలతో వస్తున్న ట్రాక్టరు ముందు నిలబడింది.

“ఏంటి మావయ్యా, నా మీదకొచ్చేత్తన్నావు! కళ్లజోడు ఇంట్లో పెట్టొచ్చావా?” అని అరిచాడు ట్రాక్టరాయన. తర్వాత కారును పరకాయించి, గొంతు తగ్గించాడు. “ఇది లెక్కల మాస్టారి బండి గదండీ! సెంటర్లో మస్తాన్ గారికి చూపించండి. దీని రోగం ఆయనకే తెలుసు.”

కాగితాల మీద నా పేరుంది. దారిలో మాత్రం అది ఇంకా వాడి బండే.

చల్లపల్లి సెంటర్లో మెకానిక్ మస్తాన్‌కు అరవై దాటి ఉంటాయి. పనిముట్టు ఏదీ తీయకుండానే ముందు చక్రాలు రెండింటినీ అరచేత్తో తాకి చూశాడు. కుడిది కాలుతోంది, ఎడమది చల్లగా ఉంది. “కుడిది పనిచేత్తంది. ఎడమది ఊరికే జీతం తీసుకుంటందండీ” అన్నాడు. జాకీ మీద లేపి, చక్రాన్ని రెండు పక్కలా పట్టి ఊపితే టక్కు టక్కుమంది. చక్రాన్ని పక్కకు తిప్పే టై రాడ్ చివరన కీలు అరిగిందట, స్టీరింగు వణుకు అందువల్లేనట. తర్వాత నన్ను బ్రేకు తొక్కమని ఎడమ చక్రం తిప్పాడు. అది ఆగీ ఆగనట్టు తిరుగుతూనే ఉంది. బ్రేకు డ్రమ్ములోకి టార్చి వేసి చూసి నవ్వాడు.

“ఇది నేను పెట్టిందేనండీ.”

“నువ్వా?”

“మాస్టారే పెట్టించుకున్నారు. మోపిదేవి దాటితే ఎడమ పక్కంతా కాలువేగదండీ. బ్రేకు తొక్కితే ఎక్కడ కాలువలోకి లాగుద్దోనని ఆయనకి భయం. ఎడమ బ్రేకు వదులు చెయ్యి మస్తానూ, లాగితే కుడికే లాగాలి అన్నారు. తప్పండీ అన్నాను. వింటేగా!”

“వచ్చేటప్పుడు కాలువ కుడి పక్కకొస్తుంది గదయ్యా. లెక్కలు చెప్పినవాడికి ఆ మాత్రం తెలియదా?”

“వచ్చేటప్పుడు ఆయన నడిపేవారు కాదండీ. సంస్కృతం మాస్టారు నడిపేవారు. ఆయన అసలు బ్రేకే తొక్కరు. ఇరవైలో పోతా, హారన్ కొట్టుకుంటా వెళ్లిపోయేవారు.”

“ఎన్నిసార్లు వెళ్లారు?”

“ఏటా మాఘ పౌర్ణమి స్నానాలకండీ. ఇరవయ్యేళ్లు తక్కువుండదు.”

మా కాలేజీలో సైకిలు తొక్కడం కూడా రాని మనిషి ఆ సంస్కృతం మాస్టారు. తిరుగు ప్రయాణం నా వంతు. దాన్ని వాడు ఇరవయ్యేళ్లపాటు అతనికి ధారపోశాడు.

మరమ్మతుకు మూడు గంటలు పట్టింది. కొత్త కీలు ఆరువందల యాభై, కూలి ఐదువందలు. మస్తాన్ డ్రమ్ము కన్నంలోంచి స్క్రూడ్రైవర్ పెట్టి, చక్రం బిగుసుకునేదాకా తిప్పి, మళ్లీ వదులయ్యేంత వరకే వెనక్కి తిప్పాడు. రెండో పక్కనా అంతే. వెనక చక్రం నుంచి ముందు చక్రానికి నూలుదారం లాగి వరస సరిచూశాడు. కంప్యూటర్ సంగతి ఎత్తితే, “దారం కరెంటు పోయినా పనిచేత్తదండీ” అన్నాడు. ఆఖరున నా మొహం చూసి, “ఇప్పుడు తిన్నగా ఆగుద్ది. తమకీ భయమైతే చెప్పండి, మళ్లీ వదులు చేస్తాను. లేదా ఇవాళ్టికి బస్సులో వెళ్లండి” అన్నాడు.

“నాకేం భయం?” అన్నాను. తాళాలు అందుకున్నాను.

పదకొండుకు బయలుదేరి మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు మీదుగా వెళ్లాను. కోడూరు ముందు ఒక గేదె కాలువ గట్టెక్కి నేరుగా రోడ్డు మీదకు వచ్చింది. తొక్కాను. ఎడమ చక్రానికీ గట్టు అంచుకూ మూరెడు ఎడం ఉండగా కారు గీత గీసినట్టు తిన్నగా ఆగింది. వాడు ఇరవయ్యేళ్లు భయపడిన పని నేను ఒక్క తొక్కుతో చేశానని గేదెకు తప్ప ఎవరికీ తెలియదు.

పన్నెండున్నరకు హంసలదీవి దాటి పాలకాయతిప్ప తీరం చేరాను. ఇసుక మొదలయ్యే చోట ఒకావిడ ఎండబెట్టడానికి చేపలు చీలుస్తోంది. కారును చూసి చెయ్యెత్తింది.

“మాస్టారు వెనక సీట్లో పడుకున్నారాండీ?”

“పోయాడమ్మా. పోయిన వానల్లో.”

ఆమె కత్తి ఆగిపోయింది. “వచ్చినప్పుడల్లా నా పక్కన కూచుని మా పిల్లలకి ఎక్కాలు చెప్పేవారండీ” అంది. నేను పోయానని తెలిస్తే పని ఆపుకునే చెయ్యి ఈ తీరం పొడవునా ఒక్కటీ లేదు. చివరికి ఆవిడ నా వైపు తిరిగింది.

“తమరు ఆయనకేమవుతారండీ?”

“కలిసి పనిచేశాం. స్నేహితులం.”

“సంస్కృతం మాస్టారి గురించి చెప్పేవారు. తమరి గురించి ఎప్పుడూ చెప్పలేదే!”

సముద్రం ఎలా ఉందో రాయాలని నోట్‌బుక్ తెచ్చుకున్నాను. ఏమీ రాయలేదు. ఒక మనిషి మీద పగ పెంచుకుంటే, అవతలివాడూ మనల్ని అంతగా తలుచుకుంటూ ఉంటాడని నమ్ముతాం. చదివిన చరిత్రంతా నాకు అదే నేర్పింది. వాడు అసలు తలుచుకోనేలేదు. పాత కారులో ఈ దారి పట్టేవారికి ఒక్క సలహా: బయలుదేరే ముందు ఖాళీ మైదానంలో ఇరవై వేగంతో నాలుగైదుసార్లు బ్రేకు తొక్కి, దిగి చక్రాలు తాకి చూడండి. ముందు చక్రాలు రెండూ ఒకేలా వెచ్చగా లేకపోతే ఇంటికి వెళ్లిపోండి. తిరుగు ప్రయాణంలో కాలువ కుడి పక్కకు వచ్చింది. నలభై వేగంతో తిన్నగా వచ్చాను, పక్క సీటు ఖాళీ. ఆ సీటు ఖాళీగా ఉండటానికి విధినో, వయసునో అనను. నేను తప్పు పట్టేది ఇవాళ్టికీ ఒక్కణ్ణే, విశ్వేశ్వరరావుని.