గ్లెనిస్ బస్సులో సారీ

హాజల్‌రాయిడ్‌లో బస్సు నడిపే గ్లెనిస్ గురించి చెప్పాలంటే ముందు ఆమె నోటి గురించి చెప్పాలి. ఆ ఊళ్ళో సారీ అనని మనిషి లేడు. కాలు తొక్కినవాళ్ళూ అంటారు, తొక్కించుకున్నవాళ్ళూ అంటారు. ఇంకా చెప్పాలంటే తొక్కించుకున్నవాళ్ళే ముందు అంటారు. ఊరి సంగతి అలా ఉంటే, గ్లెనిస్ ఊరికంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. కుర్చీ తగిలితే కుర్చీకి చెప్పేది. పక్కింటి పిల్లి గుమ్మానికి అడ్డంగా పడుకుంటే దానికి చెప్పి చుట్టూ తిరిగి వెళ్ళేది. పెళ్ళినాడు పాస్టరుగారు ఆమె ముసుగు అంచు తొక్కితే, మెడ వెనక్కి లాగేసినా, ఆయనకే సారీ చెప్పింది. పళ్ళ డాక్టరు పుచ్చిపోయినదాన్ని వదిలేసి బాగున్న పన్ను పీకిన రోజున కూడా ఆ మాట అన్నది డాక్టరు కాదు, ఆమే.

భర్త డెరిక్ రాళ్ళ క్వారీలో పనిచేసేవాడు. పొద్దున లేవగానే దుప్పటి లాక్కున్నందుకు ఒక సారీ, టీ పలచనైనందుకు ఒకటి, వాన పడుతున్నందుకు ఒకటి అతనికి అందేవి. వాన నువ్వు కురిపించావా అని ఎగతాళి చేసేవాడు. నీ టోపీ తడుస్తుంది కదా అనేది ఆమె.

పుట్టింది మగ్గాల మిల్లు కింద ఉన్న ఇళ్ళ వరసలో. తల్లి ఆ మిల్లులోనే నేసేది. గ్లెనిస్ బడి మానగానే అదే మిల్లులో చేరింది కానీ, మగ్గాల మోతలో ఎవరి మాట ఎవరికీ వినపడదు, అందరూ పెదాల కదలిక చూసి అర్థం చేసుకుంటారు. మాటల మనిషికి అది చెరసాలే. మిల్లు మూతపడ్డాక అందరూ ఏడిస్తే, గ్లెనిస్ మాత్రం పైకి ఏడ్చి లోపల హాయిగా ఊపిరి పీల్చుకుంది. టికెట్లు కొట్టే పెట్టె మెడలో వేసుకుని కండక్టరు అయింది. కొన్నాళ్ళకు కంపెనీ కండక్టర్లను తీసేసి, టికెట్లు కూడా డ్రైవర్లే కొట్టాలంది. అప్పుడు పట్టుబట్టి డ్రైవింగు నేర్చుకుంది. ఆ లోయలో ఆడవాళ్ళు బస్సు నడపడం అప్పుడు కొత్త. మొదటి వారం ముసలాళ్ళు కొందరు ఎక్కబోయి, ఆమెను చూసి, తర్వాతి బస్సుకి వస్తామన్నారు. తర్వాతి బస్సు కూడా ఆమెదే.

సంతబజారు నుంచి పైన కొండమీది ఇళ్ళ దాకా ఆమె దారి. నిట్టనిలువు ఎక్కుడు, మూల తిరిగితే గొర్రెలు. ఏ ఇంటి ముందు ఎవరు నిలబడతారో, ఎవరి కీలు నొప్పో, ఎవరికి మెట్టు దగ్గర చెయ్యి అందించాలో ఆమెకు తెలుసు. నేనూ ఆ బస్సులోనే తిరిగేదాన్ని కాబట్టి చెబుతున్నాను, సంచులు దించుకుంటున్న ముసలమ్మ కోసం బస్సు ఆపి, వెనక ఉన్నవాళ్ళకు సారీ చెప్పేది. వెనకవాళ్ళు, తొందర ఉన్నట్టు కనబడ్డందుకు, తిరిగి ఆమెకు సారీ చెప్పేవాళ్ళు. ఆ బస్సు అలా నడిచేది.

ఒక శుక్రవారం చర్చి దగ్గర బస్సు ఆగి ఉంది. క్లిఫర్డ్ అనే పెద్దాయన దిగడానికి లేచాడు. భార్య పోయిన మనిషి, ఎనభై దాటాడు, చేతికర్ర ఉంది, ఇంకో చేతిలో నాటడానికి కొన్న క్యాబేజీ నారు. బిడ్డ బండితో ఎక్కుతున్న ఒకావిడకు దారివ్వబోయి పక్కకు జరిగాడు. ఆ జరగడంలో కర్ర తన కాళ్ళ మధ్యకే వచ్చింది. ముందు సీట్లో ఒళ్ళో కోడిగుడ్ల సంచితో కూర్చున్నావిడ మీద పడి, అక్కణ్ణించి మెట్ల మీదికి జారాడు. మణికట్టు విరిగింది.

గ్లెనిస్ ఇంజను ఆపేసి ఒక్క ఉదుటున వచ్చి ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. సారీ తాతా, సారీ, కదలకండి అంటూనే ఉంది. సరిగ్గా అప్పుడే ఆయన కూతురు పౌలీన్ రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చింది. ఆమె చెవిన పడ్డది ఆ మాట ఒక్కటే.

వారం తిరక్కుండానే కంపెనీకి ఫిర్యాదు వెళ్ళింది. బస్సు కుదిపింది, నాన్న పడిపోయాడు, తప్పు తనదేనని డ్రైవరు అందరి ముందు సారీ చెప్పింది అని పౌలీన్ రాసింది. గ్యారేజీ మేనేజరు కీత్ గ్లెనిస్‌ను పిలిచి, విషయం తేలేదాకా బస్సు నడపొద్దని చెప్పి బస్సులు కడిగే పనిలో పెట్టాడు. కీత్ ఆ ఊరివాడే, ఆమె సంగతి తెలియనివాడేం కాదు. అయినా పై ఆఫీసు నుంచి విచారణకు మనిషి వస్తున్నాడు, ఆయనకు ఈ ఊరి సంగతులు పట్టవు.

"విచారణలో ఆ మాట ఇంకోసారి నీ నోట రాకూడదు గ్లెనిస్. వచ్చిందంటే లైసెన్సు పోతుంది, ఇక జన్మలో బస్సు ముట్టుకోలేవు" అన్నాడు కీత్.

"అలాగే, సారీ" అంది గ్లెనిస్.

ఆ రోజుల్లో ఆమెను చూస్తే జాలేసేది. నీళ్ళ గొట్టం పట్టుకుని, తన బస్సును తనే కడిగి, వేరేవాడి చేతికి ఇచ్చేది. ఇంట్లో ఆ మాట మానడం సాధన చేసింది. నోటి దాకా వచ్చినదాన్ని మింగి, పెదాలు బిగించి నిలబడేది. రొట్టెల కొట్లో ఒకావిడ తగిలితే పలకకుండా ఊరుకుంది. గ్లెనిస్‌కి ఏదో కోపం వచ్చిందట, మొహం మాడ్చుకుని వెళ్ళిపోయిందట అని సాయంత్రానికి వీధంతా అనుకుంది. డెరిక్ కూడా రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు తనేం తప్పు చేశాడో చెప్పమని అడిగాడు.

ఇక్కడ ఒక సంగతి ఉంది. ఆ శుక్రవారం పౌలీన్ తండ్రిని దింపుకోవడానికి బస్సు దగ్గర ఉండాల్సింది. ప్రతి శుక్రవారం ఉండేది. ఆ రోజు మాంసం కొట్టు దగ్గర ఎవరితోనో మాట్లాడుతూ ఉండిపోయింది. బస్సు అద్దంలోంచి గ్లెనిస్ ఆమెను చూసింది. చెయ్యి ఊపి పిలుద్దామనుకునేలోపే పెద్దాయన లేచాడు. పౌలీన్ ఫిర్యాదు ఎందుకంత గట్టిగా రాసిందో గ్లెనిస్‌కు అందుకే అర్థమైంది. ఇంట్లో డెరిక్‌తో మాత్రం చెప్పింది. విచారణలో చెప్పెయ్యమన్నాడు డెరిక్. గ్లెనిస్ తల అడ్డంగా ఊపింది. తండ్రి చెయ్యి విరిగి ఉంటే ఆ పిల్లకు రాత్రిళ్ళు నిద్ర పట్టదు, దాని మీద ఇంకోటి నేను పెట్టనా అంది. డెరిక్ గొణుక్కుంటూ బూట్లు తుడుచుకున్నాడు.

విచారణ గ్యారేజీ మేడమీది గదిలో. పై ఆఫీసాయన బల్లకు అటు, కీత్ పక్కన, పౌలీన్ ఒక మూల, గ్లెనిస్ ఒక మూల. ఆయన అడిగిందే అడిగాడు. బస్సు కుదిపిందా? లేదు, ఆగి ఉంది. మరి సారీ ఎందుకన్నావు? గ్లెనిస్ పెదాలు బిగించుకుంది. తప్పు లేనప్పుడు ఎవరైనా సారీ అంటారా? గ్లెనిస్ కీత్ వైపు చూసింది. కీత్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ సమయానికి అక్కడ పెద్దాయనను దింపుకునేందుకు ఎవరూ లేరా అని ఆయన అడిగితే పౌలీన్ తల వంచుకుంది. జనం ఉన్నారండీ, శుక్రవారం కదా అంది గ్లెనిస్. అంతకుమించి ఏమీ అనలేదు.

ఆయన కలం మూత పెట్టబోతుండగా తలుపు చప్పుడైంది. క్లిఫర్డ్ వచ్చాడు. చేతికి కట్టు, కోటు ఒక భుజానికే. నాన్నకు నొప్పిగా ఉంది, రాలేడని పౌలీన్ ముందే చెప్పింది. అసలు ఆయనకు ఈ విచారణ సంగతే చెప్పలేదు. క్షవరం చేయించుకోవడానికి వెళ్తే, గ్లెనిస్ బస్సులు కడుగుతోందని, అదీ తన మూలానేనని అక్కడ తెలిసిందట. గడ్డం సగంలో ఆపించి వచ్చాడు. ఒక బుగ్గ నున్నగా ఉంది, ఇంకో బుగ్గ మీద తెల్లటి గరుకు.

"అడ్డం వచ్చినందుకు సారీ" అని లోపలికి వచ్చి, అడగకుండానే కూర్చున్నాడు. "బస్సు కదల్లేదండీ. నా కర్ర నాకే అడ్డం పడింది. ముందు సారీ అన్నది నేను, ఆమె బస్సు ఆలస్యమవుతుందని."

"మరి ఈవిడ కూడా అన్నది కదా?" అన్నాడు పై ఆఫీసాయన.

"అన్నది. నేను మీద పడ్డ ఆవిడ కూడా అన్నది నాతో, పాపం, గుడ్లన్నీ పగిలిపోయినా. ఆవిడ మీద కూడా కేసు పెడతారా? బిడ్డ బండితో ఎక్కినావిడ అన్నది. అంబులెన్సులో నన్ను ఎత్తిన కుర్రాడు అన్నాడు. అందరి పేర్లూ రాసుకోండి, నేను చెబుతాను, కాకపోతే పొద్దుపోతుంది."

కీత్ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పై ఆఫీసాయన పౌలీన్ వైపు తిరిగి, మీ నాన్న చెప్పేది నిజమేనా అని అడిగాడు. బస్సు కుదపడం నేను చూడలేదు, ఆ మాట విని అలా అనుకున్నాను అంది పౌలీన్. చూస్తుండగానే ఆమె మొహం ఎర్రబడింది. అక్కడ ఉన్నవాళ్ళందరూ ఎదురుచూసిన మాట ఒకటి ఉంది. అది మాత్రం ఆమె నోట రాలేదు. కుర్చీ జరిపినప్పుడు పక్కవాళ్ళకు తగిలితే సారీ అంది, తలుపు తోస్తూ ఎదురొచ్చినవాడితో అంది, గ్లెనిస్‌తో మాత్రం అనలేక, తండ్రి చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది. ఆ ఊళ్ళో అంతే. ఊరికే అనడానికైతే ఎంతైనా వస్తుంది. నిజంగా అనాల్సి వస్తే ఒక్కటీ రాదు.

సోమవారం గ్లెనిస్‌ను మళ్ళీ బస్సు ఎక్కించారు. ప్రమాదం జరిగినప్పుడు ఆ మాట అనకూడదని కీత్ మళ్ళీ ఒకసారి చెప్పాడు, చెప్పాలి కాబట్టి. ఆమె సరేనంది. బజారు దాటకముందే నలుగురికి ఆ మాట చెప్పింది, అందులో ఒకరు గొర్రె.

శుక్రవారం చర్చి దగ్గర పౌలీన్ ముందే నిలబడి ఉంది. తండ్రి దిగడానికి చెయ్యి అందించింది. ఆయన దిగి పక్కకు నిలబడ్డాక, సంచిలోంచి ఒక రేకు డబ్బా తీసి టికెట్ల పెట్టె పక్కన పెట్టింది. గ్లెనిస్ వైపు చూడలేదు.

"అల్లం కేకు. చేస్తే ఎక్కువొచ్చింది. మా ఇంట్లో తినేవాళ్ళు లేరు" అంది.

గ్లెనిస్ మూత కొంచెం ఎత్తి చూసింది. కేకు చక్కగా నలుచదరంగా కోసి, ముక్కల మధ్య కాగితం కూడా వేసి ఉంది. ఎక్కువైపోయినదాన్ని ఎవరూ అలా సర్దరు.

"డెరిక్‌కి అల్లమంటే ప్రాణం. డబ్బా వచ్చే శుక్రవారం తెచ్చిస్తాను" అంది గ్లెనిస్.

"తొందరేం లేదు" అంది పౌలీన్.

బస్సులో వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. గ్లెనిస్ డబ్బాను సీటు పక్కన జాగ్రత్తగా దోపి, అద్దంలో చూసి, పెద్దాయన గట్టు మీదికి చేరాడని రూఢి చేసుకుని, బస్సు కదిలించింది.