బిరడా వేసిన సన్నాయి

కొండల మధ్య సముద్రపాయలో పడవ మలుపు తిరగగానే గాలి మారింది. వాటీ గాల్‌బ్రెయిత్ రెండు చేతులూ చంకల్లో దూర్చుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. కుడిచేతి ఉంగరపు వేలు కొవ్వొత్తిలా పాలిపోయింది. తక్కినవి దాని వెంటే పోతాయి, పాతికేళ్లుగా అదే వరస.

స్కాట్లండ్ నుంచి వచ్చిన పోర్ట్ గ్లాస్గో బ్యాండు వాళ్లంతా పడవ అంచున చేరి జలపాతానికి ఫొటోలు తీస్తున్నారు. నార్వేలో మూడో రోజు. పొద్దున విహారం, సాయంత్రం ఆరింటికి బెర్గెన్ ఓడల కార్ఖానా గేటు ముందు కచేరీ. మూతపడబోతున్న ఆ కార్ఖానా కార్మిక సంఘమే వీళ్లను పిలిపించింది. వీళ్ల కార్ఖానా మూసి పదిహేడేళ్లు. దాని పేరు మోస్తున్నది ఇప్పుడీ బ్యాండు ఒక్కటే.

బ్యాండు నాయకురాలు ఎఫీ లెకీ వాటీ దగ్గరికొచ్చింది. అతని పాత నేస్తం కూతురు, బడిలో లెక్కల టీచరు. కార్ఖానాలో పనిచేసినవాడే పాట ఎత్తుకోవాలని సంఘం వాళ్లు అడిగారట. మనలో మిగిలింది నువ్వొక్కడివే, మొదటి రెండు చరణాలూ నువ్వొక్కడివే వాయించాలి అంది. వాటీ తల ఊపాడు.

అదే తప్పు.

పదహారో ఏట చేరి ముప్ఫై ఒక్క ఏళ్లు గాలిసుత్తితో ఓడ రేకుల అతుకులు పూడ్చిన మనిషి అతను. ఆ అదురు చేతుల్లో ఉండిపోయింది. చలి తగిలితే వేళ్లకి నెత్తురు అందదు, తాకింది ఇనుమో ఉన్నో తెలియదు. అతనికి నలభై నాలుగప్పుడు పరిహారం కోసం పరీక్షించిన డాక్టర్ల బోర్డు ‘వయసు వల్ల’ అని రాసి పంపేసింది. ఆ సుత్తిని ఒక్క పూట పట్టినవాడు ఆ బోర్డులో ఒక్కడూ లేడు.

వీళ్లు వాయించే బ్యాగ్‌పైప్ అనే తిత్తి వాద్యంలో భుజం మీది మూడు గొట్టాలూ శ్రుతి పట్టుకుంటాయి. పాటంతా కిందనుండే సన్నాయి గొట్టంలో, వేళ్ల మీద. ఇంకా చెయ్యి తిరగనివాడి సన్నాయికి బిరడా బిగించి వరసలో నిలబెట్టడం బ్యాండుల్లో మామూలే. వేళ్లు ఆడతాయి, పాట పక్కవాళ్లది. మొన్నా నిన్నా కచేరీల్లో ఆ బిరడా వాటీ తనకు తానే వేసుకున్నాడు, ఎవరికీ చెప్పకుండా. తొమ్మిదో ఏట నుంచి వారానికి రెండు సాయంత్రాలు ఆ బ్యాండు గదిలోనే గడిపాడు. అది పోతే మిగిలేది ఇంట్లో కిటికీ.

అయిదున్నరకి కార్ఖానా క్యాంటీన్‌లో చేపల పులుసు పోశారు. వాటీ గిన్నెను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు, వేళ్లు వేడెక్కుతాయేమోనని. ఎదురుగా డోలు వాయించే డూగీ, నార్వే కథల్లోని రాక్షసులు నిన్ను చూసి చుట్టమనుకున్నార్రా అంటూ నవ్వబోయి, గిన్నె వంక చూసి ఆగిపోయాడు.

“ఒరేయ్, దాన్ని నేను గుడ్డ పెట్టి తెచ్చా.”

వాటీ చేతులు తీసి చూసుకున్నాడు. అరచేతులు కందిపోయాయి. వేళ్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

“నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?” అన్నాడు డూగీ, గొంతు తగ్గించి.

కచేరీకి పావుగంట ఉంది. వాటీ చేతి తొడుగులు వేసుకుని లేచాడు. ఎఫీ బయట గోడ పక్కన తిత్తి సరిచూసుకుంటోంది.

“తల్లీ, నా వల్ల కాదు. మొన్నా నిన్నా కూడా బిరడా వేసుకునే నిలబడ్డా.”

ఎఫీ తిత్తి కింద పెట్టింది. “మా నాన్నకి ఇలాగే వేళ్లు పనిచెయ్యనప్పుడు ఆయన్ని పక్కన పెట్టమన్నది నువ్వే. బ్యాండు పరువు పోతుందన్నావు.”

“అన్నాను.”

“ఆ తర్వాత ఆయన వాద్యం పెట్టె తెరవనేలేదు.”

గేటు అవతల జనం గుమిగూడుతున్న సందడి పెరుగుతోంది. ఇంటికి వెళ్లే టికెట్టు ఎఫీ ఇప్పుడే చేతిలో పెడుతుందనుకున్నాడు వాటీ. పెట్టినా న్యాయమే అనిపించింది.

“ఊపిరి ఉందా?” అంది ఎఫీ.

“ఉంది.”

“అయితే బిరడా తియ్యకు. చేతి తొడుగులు తియ్యి.” తన మూడు శ్రుతి గొట్టాలకీ బిరడాలు బిగించుకుంది. “శ్రుతి నీది. పాట నేను చూసుకుంటా. వేళ్లు ఆడించి నటించావంటే మాత్రం ఊరుకోను.”

ఆరింటికి ఇద్దరూ ముందుకొచ్చారు. పని బట్టల్లో రెండు మూడు వందల మంది. వాటీ తిత్తి నింపి చంక బిగించాడు. మూడు గొట్టాలూ ఒక్కసారే పలికాయి. పాట లేదు, ఒట్టి శ్రుతి. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాటీకి పరిగెత్తి పోవాలనిపించింది. అయినా చేతులు తిత్తి మీద పరిచి, పది వేళ్లూ అందరికీ కనబడేలా ఉంచాడు. అప్పుడు పక్కనుంచి ఎఫీ పాట ఎత్తుకుంది.

ముందు వరసలో ఒక ముసలాయన ఆ వేళ్ల వంక చూస్తూ ఉండిపోయాడు. తర్వాత తన చేతులు జేబుల్లోంచి బయటికి తీశాడు. అవీ తెల్లగానే ఉన్నాయి.

పలకరించడానికి వాటీకి నోరు ఖాళీ లేదు. ఊదుతూనే ఉన్నాడు.