తాళం తీసిన కాసేపు

ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే ఆవిడకు అందరూ పెట్టిన పేరు ‘ఎందుకమ్మ’. ఏ యంత్రం మొరాయించినా బాగుచేసి ఊరుకోదు. ఎందుకు మొరాయించిందో తేలేదాకా కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, పెట్టెకు చెవి ఆనించి కూర్చుంటుంది. రక్తపరీక్షల ఫలితాలు వార్డులకు పంపే సర్వరు ఆ వారం ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది. లోపం దాని గుండెకాయలాంటి కెర్నల్లోనే ఉందని ఆమె అనుమానం. లోపలి సంగతులు చూపించే డీబగ్ సెట్టింగుకేమో రక్షణ ఉంది. సర్వాధికారాలున్న రూట్ ఖాతాతో అడిగినా యంత్రం కుదరదంది. యంత్రం దగ్గరికే వెళ్లి, ఆపి, మరమ్మతుల కోసం ఉండే రికవరీ పద్ధతిలో తెరిచి ఆ రక్షణ తీయాలి.

“సిస్టర్, సర్వరు కాసేపు ఆపాలి” అని పెద్దనర్సును బతిమాలింది.

“కాసేపే సుమండీ! అవతల డాక్టర్లు నా ప్రాణం తీస్తున్నారు.”

రక్షణ తీసి, సెట్టింగు మార్చి మళ్లీ నడిపించింది. సర్వరు బిగుసుకోగానే దొంగ దొరికాడు: పాత ప్రింటరును నడిపే డ్రైవరు ప్రోగ్రాము. దాన్ని పీకేస్తే సర్వరు చక్కగా నడిచింది. అయినా ఆమె లేవలేదు. తెర మీద వరసలు పారుతూనే ఉన్నాయి.

“బాగైందిగా, ఇంకా ఏం చూస్తున్నారు?”

“చూడండి సిస్టర్, మనకు తెలీకుండా లోపల ఎన్ని పనులు చక్కబెట్టుకుంటోందో!”

“అయితే అలాగే తెరిచి ఉంచండి.”

“అమ్మో! నేను చూసే దారే దొంగకూ దారి.”

మనసొప్పకపోయినా రక్షణ మళ్లీ పెట్టేసింది. ఫలితాలు వార్డులకు వెళ్లసాగాయి. పెద్దనర్సు హమ్మయ్య అనుకుంటూ వెళ్లిపోయింది. ఎందుకమ్మ మాత్రం, సినిమా మధ్యలో కరెంటు పోయిన మనిషిలా, ఖాళీ తెర ముందే నిలబడిపోయింది.