ఎరుపు మళ్లీ కదిలిన రోజు

నేను పనిచేసే చోట ఇప్పుడు నూలుకు రంగు వేసేవన్నీ మూత బిగించిన యంత్రాలే. ఆవిరి బయటికి రాదు. అందుకేనేమో, ఈ ఉదయం షోలాపూర్‌లోని జోడ్‌భావి పేట్ సందులోంచి వస్తుంటే ఒక పాత షెడ్డులో తడి నూలు మరుగుతున్న వాసన తగిలి బండి ఆపేశాను. ఉప్పు, ఆవిరి, ఉడికిన గింజలు కలిసినట్టుండే వాసన. అది తగిలితే ఏదో జరగబోతోందని నా గుండె ఇప్పటికీ పరుగు తీస్తుంది. ఆ పరుగు నేర్పిన మనిషి నర్సవ్వ. షోలాపూర్ దుప్పట్ల నూలుకు రంగులద్దే చిన్న షెడ్డులో, భర్త పోయిన తర్వాత అతని గంగాళం దగ్గర నిలబడి, పేటలో అందరికంటే మంచి ఎరుపు వేస్తుందని పేరు తెచ్చుకున్న మనిషి.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ పాసై అక్కడ చేరాను. చొక్కా జేబులో కొత్త థర్మామీటర్, దాని పక్కనే బోలెడు గర్వం. మొదటిరోజే నర్సవ్వ రెండు గ్లాసులు నా ముందు పెట్టింది. ఒకదానిలో కుండ నీళ్లు, ఒకదానిలో గంగాళంలోని మరిగే నీళ్లు. రెండింటిలోనూ చిటికెడు ఎర్రరంగు వేసి, "ఏం కనబడ్తున్నదో చెప్పు బియ్యెస్సీ," అంది.

"వేడికి అణువుల గతిశక్తి పెరుగుతుంది," అని ఒప్పజెప్పాను.

"అది నీ బుక్కుల సంగతి. గిలాసల ఏం కనబడ్తుందిరా?"

అప్పుడు నిజంగా చూశాను. చల్లని నీళ్లలో ఎరుపు ఒక్క దారంలా కిందికి జారి అక్కడే వేలాడుతోంది. వేడి నీళ్లలో ఎవరో తరిమినట్టు నాలుగు దిక్కులా పరుగెత్తి, చూస్తుండగానే గ్లాసంతా నిండిపోయింది.

"బస్టాండుల కుంభారి బస్సొస్తే జనం ఎట్ల నూక్కుంటరు? గట్ల నూక్కుంటున్నయి వేడి దాంట్ల," అంది నర్సవ్వ. "చల్లటి దాంట్ల గూడ గదే జనం. బస్సు రాలె, అంతే."

నేను పడీ పడీ నవ్వాను. మూడేళ్లు పరీక్షల్లో అణువుల గురించి రాసిన నాకు, అవి కదలడం తెలిసింది ఆ రోజే. మళ్లీ చెయ్యమని ఆమెను బతిమాలి, నాలుగుసార్లు చేయించుకున్నాను. ఆమె పని తీరు కూడా అప్పుడే అర్థమైంది. నూలు చిలపలను, అంటే చుట్టిన పోగుల కట్టలను, ముందు తడిపి, గోరువెచ్చని రంగులో దించి, వేడి మెల్లగా పెంచుతూ, ఉప్పు విడతలుగా వేస్తూ మూడు గంటలు తిప్పేది. మరిగే రంగులో ఒక్కసారిగా దించితే పై పోగులే రంగంతా లాక్కుంటాయి. చిలప నడుముకు ఏమీ మిగలదు.

ఇదంతా తెలిసే తప్పు చేశాను. ఒక మధ్యాహ్నం ఆమె చిలపలను నాకు అప్పగించి కుంభారిలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లింది. ఆమె మూడు గంటల పనిని గంటలో చేసి షెడ్డు యజమాని సేట్‌కు చూపించాలని నాకు ఉబలాటం. పొడి చిలపలనే మరిగే రంగులో వేసి, ఉప్పంతా ఒకేసారి కుమ్మరించాను. ఆరాక విప్పి చూస్తే పైన ముదురు ఎరుపు, నడుమ పాలిపోయిన తెలుపు. సేట్ కేకలు వేస్తుంటే నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "రంగు కలిపింది నర్సవ్వనే సేట్. ఆమెకు కండ్లు మంచిగ కనబడ్తలేవు."

మర్నాడు గంగాళం దగ్గరికి నన్ను పంపి, ఆమెను పక్కనున్న మేడ మీద చిలపలు ఆరేసే పనికి పంపాడు సేట్. ఆమె నన్నొకసారి చూసి మెట్లెక్కింది.

చెడిన నూలుకు నల్లరంగు వేయడం మా పనిలో మామూలే. నల్లటి దాని కింద ఏ తప్పూ కనబడదు. మూడో రోజు సేట్, "అవి నల్లగ ఏసెయ్," అన్నాడు. నల్లరంగు డబ్బా చేతిలో పట్టుకుని నిలబడ్డాను. మూత తీస్తే నా అబద్ధానికి సాక్ష్యం ఉండదు. నర్సవ్వ మేడ మీదే ఉండిపోతుంది. డబ్బా కింద పెట్టి మేడ ఎక్కాను.

"అవ్వా, పొడి చిలపలు మరిగే నీళ్లల్ల ముంచింది నేనే."

"ఎర్కనే," అంది చిలప దులుపుతూ. "నడుమ తెల్లగుంటే ఇంకేమైతది? నా కండ్లు మంచిగనే ఉన్నయి."

"మరి సేట్‌కు ఎందుకు చెప్పలె?"

"చదువుకున్నోడు చెప్పినంక నా మాట ఎవరింటరు? అబద్ధం చెప్పింది నువ్వు, నిజం గూడ నువ్వే చెప్పు. చల్, దిగు."

చెప్పాను. "సిగ్గు లేదారా? పెద్దమనిషి మీద ఏస్తవా?" అన్నాడు సేట్. నా వెనకే దిగి వచ్చిన నర్సవ్వ అందుకుంది. "నల్ల వద్దు సేట్. ఉప్పు లేని నీళ్లల్ల మరగనిద్దాం. ఎక్కిన ఎరుపు దిగుతది. దిగి, లేని తాన ఎక్కుతది."

"ఎక్కకపోతే?"

"నల్ల యాడికి పోతది? ఉండనే ఉండె." కర్ర నా చేతికిచ్చింది. "తిప్పు. ఆపినవంటే ఇదే కర్ర నీ ఈపు మీద."

అంత ఆత్రంగా నేను ఏ నీళ్లనూ చూడలేదు. తేటగా ఉన్న నీళ్లు మరుగు పట్టగానే గులాబీ రంగుకు తిరిగాయి. తర్వాత ఎర్రబడ్డాయి. తొందరలో పోగులను అంటుకున్న రంగు, ఆ వేడి తోపులాటలో పట్టు వదిలి బయటికి వస్తోంది.

"దిగుతున్నయి అవ్వా!" అని అరిచాను.

"నీ మాటిని దిగుతున్నయా? తిప్పు!"

గంట తర్వాత ఒక చిలప పైకి లాగి విప్పింది. నడుమ తెలుపు లేదు. లేత ఎరుపు! ఆమె గుప్పెడు గుప్పెడుగా ఉప్పు వేయించి, మంట ఆర్పించింది. నేను చన్నీళ్ల బకెట్ ఎత్తబోతే చెయ్యి పట్టుకుంది. "థాంబ్, ఆగు. దానంతట అది చల్లారనియ్యి. ఇంతసేపు ఉరికినయి, ఇప్పుడు కూసోనియ్యి."

చల్లారే కొద్దీ నీళ్లు తేటబడ్డాయి. మిగిలిన ఎరుపు నూలులోకి చేరిపోయింది. పైనా నడుమా ఒక్కటే రంగు! సేట్ చిలపను వెలుతురులో తిప్పి తిప్పి చూసి, "రేపటి నుంచి గంగాళం నీదే నర్సవ్వా," అన్నాడు. నన్ను మేడ మీదికి పంపాడు. దీపావళి దాకా ఎండలో చిలపలు ఆరేశాను. అది న్యాయమే. మరిగే సమయానికి మాత్రం కింద నుంచి, "బియ్యెస్సీ, దిగు, చూద్దువు!" అని కేక వినబడేది. మెట్లు రెండేసి చొప్పున దూకేవాణ్ణి.

ఆమె ఇప్పుడు లేదు. మొన్న యంత్రంలో పచ్చరంగు నూలు నా తొందర వల్లే మచ్చలు పడింది. ఇంకెవరూ చూడకముందే యజమానికి ఫోన్ చేసి, "తప్పు నాదే సేట్," అన్నాను. ఫోన్ పెట్టేసి, ఉప్పు లేని నీళ్లు పట్టి వేడి పెంచాను. చిన్న గాజు కిటికీకి మొహం ఆనించి, పచ్చదనం ఎప్పుడు కదులుతుందా అని ఊపిరి బిగపట్టి చూస్తూ నిలబడ్డాను.