రాజకుమారి కట్టిన పట్టుచీర

ఇంట్లో టీ మానేసి ఈ బడ్డీకొట్టు చుట్టూ ఎందుకు తిరుగుతున్నానని అడిగారు కదా? చెప్తా. నవ్వకూడదు. సరే, నవ్వండి, ఎలాగూ ఆగరు.

మా ఆఫీసులో నలుగురం కలిసి కామెడీ స్కిట్లు వేస్తాం, మీకు తెలుసుగా. ఉగాదికి ద్రాక్షారామం కుర్రాళ్లు పిలిచారు. ఒక పాత బ్లాక్ అండ్ వైట్ జానపద సినిమాకి పేరడీ. సినిమాలో మాంత్రికుడు రాజకుమారిని ఎత్తుకుపోతాడు. మా దాంట్లో మోయలేక కాకినాడ బస్సెక్కిస్తాడు! ఆవిడేమో కిటికీ సీటు ఇస్తేగానీ రానని కూలబడుతుంది. మాంత్రికుడు మా క్యాషియర్ సూర్యంగారు. రాజకుమారి ఎవరంటారా? మీసం తీయించుకోడానికి ఒప్పుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

చిక్కంతా చీర దగ్గరొచ్చింది. అద్దెకి తెచ్చింది వెలిసిపోయి దోమతెరలా ఉంది. "ఇంట్లో ఓ పట్టుచీర ఉండదేంటండీ?" అన్నారు సూర్యంగారు. ఉంది! బీరువాలో పై అరలో, కవర్లో. మా బావమరిది పెళ్లికని మా ఆవిడ సుభద్ర కొనుక్కున్న ధర్మవరం చీర. ఇంకా మడత విప్పలేదు. ఆవిడేమో శుభలేఖలు పంచడానికి పుట్టింటికి వెళ్లింది. ఒక్క సాయంత్రం కట్టుకుని మళ్లీ మడతపెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది అనుకున్నా. చూశారా, నా తెలివి!

మొదటి శుభలేఖ భీమేశ్వరస్వామి దగ్గర పెట్టాలని, వాళ్ల పిన్నిగారిని వెంటబెట్టుకుని ఆవిడ అదే సాయంత్రం ద్రాక్షారామం వస్తుందని నాకేం తెలుసు? పోనీ ఎస్టీడీ చేసి కనుక్కున్నానా అంటే, అదీ లేదు. దర్శనం అయ్యాక మైకు వినపడి, ఏంటో చూద్దామని ఇద్దరూ వచ్చి నిలబడ్డారట.

నేను బస్సు సీటని వేసిన బెంచీ పట్టుకుని "అయ్యో, నా కిటికీ సీటో!" అని ఏడుస్తున్నా. సూర్యంగారు కొంగు పట్టి లాగుతున్నారు. ఆ బెంచీకి ఓ మేకు పైకి లేచి ఉంది. నేను చూళ్లేదు. జనంలోంచి ఒకావిడ చూసింది.

"ఏవండీ! నా చీర!"

ఆ గొంతు వినగానే నా ఏడుపు నిజమైపోయింది. జనం మాత్రం ఇదీ స్కిట్లో భాగమే అనుకుని విరగబడి నవ్వారు. "వన్స్ మోర్!" అని ఒకటే గోల! మనవైపు వన్స్ మోర్ అంటే తెలుసుగా, చచ్చిన పాత్రయినా లేచి మళ్లీ చావాల్సిందే. సూర్యంగారు హుషారుగా మళ్లీ లాగారు. కొంగు మేకుకి జానెడు దూరంలో ఉంది.

సుభద్ర స్టేజి ఎక్కేసింది.

"అన్నయ్యగారూ! ముందా చీర వదలండి. తర్వాత ఆయన్నేం చేసుకున్నా నేనడగను!"

పందిరి కింద ఒకటే ఈలలు. సూర్యంగారు గడ్డం సర్దుకుని, "బాలా, ఎవరు నీవు?" అన్నారు. ఆయనకింకా స్కిట్టే!

"ఈ రాజకుమారి పెళ్లాన్నండీ!" అని, ఆవిడ నా వైపు తిరిగింది. "కుచ్చిళ్లు పెట్టేది ఇలాగా?" అంటూ అందరి ముందూ కుచ్చిళ్లు సర్ది, కొంగు భుజం మీద వేసి, చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. అన్ని చప్పట్లు మా స్కిట్లకి ఎప్పుడూ పడలేదు. శాలువా కూడా ఆవిడకే కప్పారు.

దేవుడి దయవల్ల చీరకి ఏమీ కాలేదు. శాలువా పుణ్యమా అని ఆవిడ కోపం కూడా సగం దిగింది. మొన్న పెళ్లికి ఆ చీరే కట్టుకుని నా పక్కన నడిచి మండపంలోకి వచ్చింది. ఎంత బాగుందో! ఆ మాట చెప్పి మిగతా సగం కోపం కూడా పోగొడదామనుకునేలోగా వాళ్ల పిన్నిగారు ఎదురొచ్చారు. ఆవిణ్ణి ఎగాదిగా చూసి, పదిమందిలో అనేశారు.

"బాగానే ఉందే అమ్మాయ్. కానీ ఈ చీర అల్లుడుగారికి నప్పినట్టు నీకు నప్పలేదే!"

అదండీ సంగతి. ఇంకో టీ చెప్పండి. మీసం పూర్తిగా మొలిచేదాకా ఇంట్లో నాకు టీ లేదట!