నడిమర్ర లేని ఇల్లు

ఇంటిని బాగు చేయించాలని ముందుగా అన్నది నేనే. తర్వాత జరిగినవన్నీ చెబుతూ ఈ ఒక్క మాటా దాస్తే అబద్ధమవుతుంది కాబట్టి మొదటే చెప్పేస్తున్నాను.

నాచారంలో మా ఇల్లు రైలు డబ్బాల్లా ఉండేది. ముందర ఒక గది, దాని వెనక నడిమర్ర అని మేం పిలిచే మధ్య గది, దాని వెనక వంటిల్లు, అది దాటితే నీళ్లు నింపుకునే హౌజు, హౌజు పక్కన స్నానాల గది, లెట్రిన్. ఎవరు ఎటు పోవాలన్నా మిగతా అందరి మీదుగా పోవాల్సిందే. మా నాయన ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో మిషన్ మీద పనిచేసేవాడు. వీలు చిక్కినప్పుడల్లా ఒక్కో గది కట్టుకుంటూ పోయాడు. అందుకే ఏ రెండు గదుల నేలా ఒక ఎత్తులో ఉండేది కాదు. నడిమర్రలోకి ఎక్కాలి, వంటింట్లోకి దిగాలి. షాబాద్ బండల సందుల్లో చీమలు కాపురముండేవి. నడిమర్రకు కిటికీ లేదు. గోడలో పైన చిన్న సిమెంటు జాలీ ఒకటి ఉండేది, దాంట్లోంచి పక్కింటివాళ్ల కుక్కర్ విజిల్ తప్ప ఏమీ వచ్చేది కాదు. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి.

ఆ నడిమర్ర నాది. పెళ్లయిన మూడేళ్లకు నా సంసారం చెడి, ఒక సూట్‌కేసుతో తిరిగొచ్చినప్పుడు అమ్మ ఏమీ అడగలేదు. తన మంచాన్ని గోడకు జరిపి నా మంచానికి చోటు చేసింది. నాయన అప్పటికే పోయాడు. మాత్రలు ప్యాక్ చేసే కంపెనీలో నాకు పని దొరికింది. తమ్ముడి పెళ్లికి పిల్లను చూసింది నేనే. వాడి పిల్లలిద్దరూ పగలంతా మా గదిలోనే పెరిగారు. అమ్మ చివరి రెండేళ్లు ఆ గదిలోనే మంచాన పడింది. ఆమెను పక్కకు తిప్పడం, కడగడం, తినిపించడం షిఫ్టుకు ముందు నేను, షిఫ్టు వేళల్లో మరదలు చూసుకున్నాం. అమ్మ పోయాక గది నాకొక్కదానికే మిగిలింది.

ఆ ఏడాది వానలకు మేనకోడలు గొడుగు పట్టుకుని లెట్రిన్‌కు పోతుంటే నాకు సిగ్గనిపించింది. పిల్ల పెద్దదైంది. బట్టలు మార్చుకోవడానికి దానికొక తలుపు లేదు. అదే రోజుల్లో నాతో పనిచేసే ఒకావిడ నారపల్లి దగ్గర వెంచర్‌లో ఇల్లు కట్టుకుంటే చూడ్డానికి పోయాను. తెల్లటి వంటిల్లు, ఇంటి ఈ మూల నుంచి ఆ మూలదాకా వెలుతురు. తిరిగొచ్చి అన్నం దగ్గర తమ్ముడితో అన్నాను.

"ఎన్నొద్దులురా గిట్ల? ఇల్లు జర మంచిగ చేయించుకుందాం."

"ఇప్పుడేం తొందరక్కా, ఉండనీ" అన్నాడు వాడు.

నేను ఊరుకోలేదు. ఆదివారాలు వాణ్ని, మరదల్ని వెంటబెట్టుకుని ఉప్పల్లో టైల్స్ దుకాణాలు తిప్పాను. గోడలకు ఏ రంగు బాగుంటుందో ఫోన్లో బొమ్మలు చూపించాను. ఆరు నెలలకు వాడు దారికొచ్చాడు. వాడి ఆఫీసులో ఎవరో చెప్తే, ఇళ్లకు డిజైన్ చేసే ఒకమ్మాయిని పిలిపించాడు.

ఆ అమ్మాయి గోడల మీద ఎర్ర చుక్క వేసే యంత్రంతో ఇల్లంతా కొలిచి, ముందరి గదిలో కూర్చుంది. నేను వంటింట్లో చాయ్ వడగడుతున్నాను. మరదలు నా పక్కన ఉల్లిగడ్డ తరుగుతోంది. మా ఇంట్లో ఏ గదిలో మాటైనా అన్ని గదుల్లో వినబడుతుంది.

"ఇంట్లో ఎంతమంది ఉంటారు సార్?" అని అడిగిందా అమ్మాయి.

"నలుగురం" అన్నాడు తమ్ముడు.

మరదలి చేతిలో కత్తి ఆగింది. నా వైపు చూడలేదు. మళ్లీ తరగడం మొదలుపెట్టింది. నేను చాయ్ తీసుకుపోయి ఇచ్చాను. వాడు మాట దిద్దుకుంటాడేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను. దిద్దుకోలేదు. నేనన్నా దిద్దొచ్చు. "ఐదుగురమమ్మా" అంటే అయిపోయేది. నోరు జారాడులే అనుకున్నాను. అలా అనుకోవడం నాకప్పుడు తేలికగా ఉండింది.

పది రోజులకు ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చి మా ఇంటిని సినిమాలా చూపించింది. తలుపు తీసి లోపలికి నడిచినట్టే ఉంది. ముందరి గదికీ వంటింటికీ మధ్య గోడల్లేవు. ఎడమ పక్కన రెండు పడకగదులు, దేని బాత్రూము దానికి. ఒకటి తమ్ముడు వాళ్లది, ఇంకోటి పిల్లలది. నడిమర్ర ఉన్నచోట పొడుగాటి డైనింగ్ టేబులు, పైనుంచి వేలాడే దీపం, టేబులు మీద గాజు గిన్నెలో పచ్చ ఆపిల్ పండ్లు. మా ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే తప్ప ఆపిల్ పండ్లు తెచ్చింది లేదు.

ఆ బొమ్మ రెండుసార్లు తిరిగేదాకా చూశాను. మొదటిసారి నా గది కనబడకపోతే నేనే సరిగా చూడలేదేమో అనుకున్నాను.

"నేనేడ పండుకోవాలెరా?" అని అడిగాను.

"హాల్ల సోఫా కమ్ బెడ్ పెడ్తున్నం గదక్కా. గుంజితే పెద్ద మంచమైతది" అన్నాడు. "జాగ సరిపోతలేదు. పిల్లలు సదువుకోను వాళ్లకొక రూం ఉండాలె గదా."

మరదలు మెల్లగా అంది. "మరి వదిన సామాను యాడ పెట్టుకుంటది?"

"టీవీ కింద రెండు డ్రాయర్లు ఇస్తున్నరు. అవి అక్కకే."

చాలా పెద్దమనసుతో ఇస్తున్నట్టు అన్నాడు. కొత్త మనిషి ముందు ఇంటి గొడవ పెట్టలేక "మంచిగనే ఉంది" అన్నాను. అందులో అబద్ధం కూడా లేదు. బొమ్మ బాగుంది. నేను కోరుకున్న వెలుతురంతా అందులో ఉంది.

పని నడిచే నాలుగు నెలలూ ఉప్పల్లో మెట్రో దగ్గర ఒక ఫ్లాటులో అద్దెకున్నాం. అక్కడ నేను హాల్లోనే పడుకున్నాను. కొన్నాళ్లకే కదా అని ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. నాకు మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి పొద్దున్నే నాచారం వచ్చి పని చూసే బాధ్యత నా మీద పడింది.

గోడలు పగలగొట్టిన రోజు నేనక్కడే ఉన్నాను. నడిమర్ర ఒక్క పూటలో పోయింది. అమ్మ తల ఆనించి కూర్చునే చోట గోడకు నూనె మరక ఉండేది. ఎన్నిసార్లు సున్నం వేసినా మళ్లీ పైకి తేలేది. ఆ పెళ్ల ఊడి, రెండు ముక్కలై, తట్టలో పడి బయటికి పోయింది. ఒక ముక్కన్నా అడిగి తీసుకుందామనుకున్నాను. తీసుకుని ఎక్కడ పెట్టుకుంటాను అనిపించి ఊరుకున్నాను.

తర్వాత కొత్త గోడలు లేచాయి. రోజూ పైపు పట్టుకుని వాటికి నీళ్లు కొట్టేదాన్ని. పాలమూరు వైపు నుంచి వచ్చిన మేస్త్రి ఉండేవాడు, నాకంటే పెద్దవాడు. ఒకరోజు బీడీ ముట్టించి అడిగాడు.

"నీ రూమేదక్కా ఇంట్ల?"

"మీద ఏస్తరే, తర్వాత."

అతను స్లాబు వైపు చూశాడు. "మీద ఎట్లేస్తరమ్మా? పిల్లర్లే లేకపాయె."

"నీ పని నువ్వు సూస్కో అన్నా" అన్నాను. అతను బీడీ ఆర్పి తాపీ అందుకున్నాడు.

కానీ నాలుగు రోజుల తర్వాత నన్ను పిలిచి, వంటింటి వెనక హౌజు పూడ్చిన జాగా చూపించాడు. "ఈడ సన్న మంచం పడ్తది. అటు పక్క గోడ లేపి తలుపు పెడితే రూమే. రెండు రోజుల పని. మీ తమ్మునికి ఒక మాట చెప్పు, నేను చేసిస్త" అన్నాడు.

ఆ రోజంతా దాని గురించే ఆలోచించాను. మంచం, మంచం కింద సూట్‌కేసు, గోడకొక మేకు. చాలు. సాయంత్రం టీ బ్రేకులో కంపెనీ గేటు దగ్గర నిలబడి తమ్ముడికి ఫోన్ చేశాను.

"అక్కా, అక్కడ వాషింగ్ మిషన్ వస్తది. ప్లాన్ల ఉంది. పైపులు గూడ ఏసేసిన్రు" అన్నాడు.

వాషింగ్ మిషన్ అప్పటికింకా కొననేలేదు. దానికి జాగా మాత్రం గీసి ఉంది.

గృహప్రవేశానికి చుట్టాలందరూ వచ్చారు. ఇల్లు ఫ్లాటు లెక్క ఉందని, గాలి మస్తుగా వస్తుందని మెచ్చుకున్నారు. టైల్స్ ఎవరు ఎంచారని ఒకామె అడిగితే మరదలు నన్ను చూపించింది. నేను వాళ్లను తిప్పి ఇల్లంతా చూపించాను. ఎవరికీ ఏ లోటూ కనబడలేదు.

ఆ హాల్లో ఏడు నెలలున్నాను. పొద్దున్నే అందరికంటే ముందు లేచి మంచాన్ని సోఫా చేయాలి. చీర మార్చుకోవాలంటే పిల్లల గది తలుపు తట్టాలి. మేనకోడలు విసుక్కోదు, కానీ ఒక్క క్షణం ఆగి "ఆ, రా అత్తా" అంటుంది. ఆ ఒక్క క్షణం నాకు రోజూ తగిలేది. తమ్ముడు వారంలో మూడు రోజులు ఇంటినుంచే పనిచేసేవాడు. డైనింగ్ టేబులే వాడి ఆఫీసు.

ఒకరోజు నాకు బాగా జ్వరమొచ్చింది. షిఫ్టుకు పోలేక సోఫాలో ముడుచుకుని పడుకున్నాను. తమ్ముడు చెవులకు ఏవో తగిలించుకుని మీటింగులో మాట్లాడుతున్నాడు. మధ్యలో మైకు ఆపి నా వైపు తిరిగాడు.

"అక్కా, జర అటు జరుగుతవా? కెమెరాల పడ్తున్నవ్."

వాడి గొంతులో కోపం లేదు, చిరాకు లేదు. కుర్చీ అడ్డమొస్తే జరపమన్నట్టే అన్నాడు. నేను దుప్పటి తీసుకుని లేచాను. మరదలు బజారుకు పోయింది, పిల్లలు స్కూల్లో ఉన్నారు. వాళ్ల గదుల్లోకి చెప్పకుండా పోవడానికి మనసొప్పలేదు. వంటింటి వెనక్కి పోయి వాషింగ్ మిషన్ పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాను. అది తిరుగుతోంది. దాని వణుకు గోడలోంచి నా వీపులోకి వస్తోంది. బట్టలు ఉతకడం అయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఏడుపు రాలేదు. ఈ ఇల్లు విడిచిపోవాలి అని మాత్రం స్పష్టంగా తెలిసింది.

పది రోజుల్లో చర్లపల్లిలో ఒక గది చూసుకున్నాను. ఇంటావిడ చర్చికి పోయే పెద్దామె, హాస్టల్లో వంట చేస్తుంది. ఒక్కదాన్నే అంటే ఎందుకని అడగలేదు. తాళంచెవి ఇచ్చి, నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పింది.

తమ్ముడికి చెబితే మొహం మాడ్చుకున్నాడు. "ఎవలన్న ఏమన్న అన్నరా నిన్ను?"

"ఎవ్వలేమనలే."

"మరేందక్కా? నలుగురేమనుకుంటరు? అక్కను ఎల్లగొట్టిన్రంటరు."

"నేనే పోతున్ననని చెప్పు."

ఉండమని మాత్రం అనలేదు. అంటాడని ఎదురుచూశాను కూడా. మరదలు మామిడికాయ తొక్కు డబ్బాలో సర్దుతూ ఏడ్చింది. ఆ ఏడుపు నిజమైనదే. కానీ ఆమె కూడా ఉండమనలేదు. నా రెండు డ్రాయర్లు ఖాళీ చేయడానికి పావుగంట పట్టింది.

నేను వచ్చేసిన నెలకు తమ్ముడు చర్లపల్లి స్టేషన్‌లో ఎవరినో రైలెక్కించి, అటునుంచటు నా గదికి వచ్చాడు. చెప్పులు విడిచి గుమ్మంలో నిలబడి నాలుగు గోడలూ చూశాడు.

"జర ఇరుకుగున్నదక్కా" అన్నాడు. "ఆ బీరువా ఈ పక్కకు జరిపితే జాగ కలిసొస్తది."

"ఉండనీ" అన్నాను.

చాయ్ పెట్టాను. పిల్లల పరీక్షల గురించి చెప్పాడు. మరదలు అడిగిందన్నాడు. గదిలో ఒకటే కుర్చీ. దాని మీద నేను ఇస్త్రీ చేసి పెట్టుకున్న బట్టలున్నాయి. మంచం మీద తడి చీర ఆరేసి ఉంది. వాడు కప్పు పట్టుకుని ఒకసారి కుర్చీ వైపు, ఒకసారి నా వైపు చూశాడు. ఆ బట్టలు తీయడానికి ఎంతసేపు? తీయలేదు. వాడు నిలబడే చాయ్ తాగి, కప్పు కిటికీలో పెట్టి, పోయొస్తనక్కా అని చెప్పి మెట్లు దిగిపోయాడు.