పుదుచ్చేరిలో పుల్లలు ఏరిన రోజు

పెళ్ళిచీర అంచు కోసం పుదుచ్చేరి దాకా వెళ్ళానంటే మా ఊళ్ళో ఇప్పటికీ నవ్వుతారు. పెడనలో మాది అద్దకం పని. చెక్క అచ్చులతో పూలూ లతలూ అద్దుతూనే పెరిగాను. అలాంటిది మా చెల్లెలు పద్మ, "అక్కా, నా చీర అంచు మీద మామిడి పిందె గానీ నెమలి గానీ కనిపించిందో, కట్టను గాక కట్టను" అని తెగేసి చెప్పింది. నాకొచ్చినవన్నీ అవే! కొత్త నమూనా తెస్తానని మాటైతే ఇచ్చేశాను కానీ, బుర్రలో ఒక్క గీతా పుట్టలేదు.

మా దగ్గర బట్ట కొనే ఒకావిడ, కొత్త నమూనా కావాలంటే పుదుచ్చేరిలో కె. సరోజ అనే ఆమె దగ్గరికి వెళ్ళమంది. చెన్నై దాకా రైలు. కోయంబేడు నుంచి తూర్పు తీర రోడ్డు బస్సు ఎక్కితే మూడున్నర గంటలు, టికెట్ అప్పట్లో అరవై రూపాయల లోపే. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి, సముద్రం అప్పుడప్పుడూ పలకరిస్తుంది.

సరోజక్కది ఉప్పళంలో చిన్న ఇల్లు. నీళ్ళ మీద రంగులు తేలించి, ఆ రంగుల మీద కాగితం పరిచి ఎత్తడం ఆమె పని. ఇంటి ముందు రోజూ మెలికల ముగ్గు. తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగువాళ్ళు. తెలుగు చదవడం రాదు, మాట మాత్రం గలగలా తెలుగే, సగం తమిళం కలిపి. పొద్దున్న ఇడ్లీలు వడ్డిస్తూ నా గోడంతా విని తేల్చేసింది.

"ఇంతదానికి ఏడస్తావా పాపా? కాలాపేట సముద్రంకాడికి పో. ఆడ యాడ జూసినా పుళ్ళే. మంచివి ఏరుకోని రా, నేను కంబి తిప్పతా."

"పుల్లలా అక్కా?"

"ఆమా, పుళ్ళి!" అని తలూపింది.

పెద్దావిడ చెప్పాక కాదంటానా? టౌను నుంచి అరగంటలో బస్సు దించేసింది. సముద్రం వెనక్కి తగ్గి తడి ఇసుక మెరుస్తోంది. చిన్న పీతల కన్నాల చుట్టూ బఠాణీలంత ఇసుక ఉండలు వరసలు వరసలుగా, ఒక్కో కన్నం చుట్టూ ఒక్కో తీరుగా! అబ్బ, ఎంత బాగున్నాయో అనుకుంటూనే వాటిని దాటుకుని సరుగుడు తోపులోకి వెళ్ళి చేతినిండా పుల్లలు ఏరాను. తిరుగు బస్సులో కండక్టర్ పొయ్యిలోకా అని తమిళంలో అడిగితే, బుద్ధిగా తలూపాను.

నన్ను చూసి సరోజక్క గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏంది పాపా ఇది? మా ఇంట్లో గ్యాసు ఉండాదే! పుళ్ళి అంటే చుక్క! ముగ్గుకు పెడతామే, ఆ చుక్క!"

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వు ఆగాక అసలు సంగతి గుర్తొచ్చింది. సాయంత్రం బస్సుకే నా ప్రయాణం, మళ్ళీ కాలాపేట వెళ్ళే వేళ లేదు. పద్మకు ఏ మొహం చూపించను?

"పీతలు పెట్టిన పుళ్ళి కూడా చూడలేదా?" అంది.

చూడకేం! ముగ్గుపిండి లాక్కుని, గుర్తున్నంతవరకూ వాకిట్లో చుక్కలు పెట్టాను. సరోజక్క వాటి చుట్టూ గీత తిప్పింది. దాన్నే వాళ్ళు కంబి అంటారు. మొదలుపెట్టిన చోటికి అది తిరిగి రావాలి, లేకపోతే ముగ్గే కాదు. రాలేదు. పీత ముగ్గు నేర్చుకుని చుక్కలు పెట్టదు కదా! ఆమె చెరిపి మళ్ళీ తిప్పింది. ఊహూఁ. ఉక్రోషం పట్టలేక నేనో సరుగుడు పుల్ల విరిచి రెండు చుక్కల మధ్య అడ్డంగా పెట్టాను. గీత దాని దాకా వచ్చి వెనక్కి మళ్ళింది. ఇంకోచోట ఇంకో పుల్ల. ఈసారి తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చింది.

"చేరిపోయింది పాపా!" అని సరోజక్క అరిచింది. పక్కింటివాళ్ళు కంగారుపడి బయటికొచ్చారు.

చుక్కలు, మెలికలు, మధ్యలో బుల్లి పుల్లలు. అదే అచ్చు చెక్కించి చీరకు అద్దాను. పెళ్ళిలో అత్తవారు అంచు పట్టుకుని ఇదేం డిజైనమ్మా అని అడిగితే, పద్మ అందరికీ వినపడేలా, "నా పెళ్ళిలో పుల్లలు పెట్టింది మా అక్కేనండీ!" అంది. వాళ్ళత్తగారి మొహం పాలిపోయింది. సంగతి తెలిశాక అందరికన్నా ఎక్కువ నవ్విందీ ఆవిడే.

చక్కగా అమరిందంతా ఎవరో లెక్కగా గీసిందే అనుకునేదాన్ని. ఆ వాకిలి చూశాక, పొరపాటుకీ అందులో చోటుందని తెలిసి ఎంత హాయిగా ఉందో! వెళ్ళేవాళ్ళకు ఒక్క సూచన: సముద్రం వెనక్కి తగ్గిన వేళకే కాలాపేట చేరుకోండి, నీళ్ళు పైకొస్తే పీతల పనంతా చెరిగిపోతుంది. వచ్చేటప్పుడు తోపులోంచి రెండు పుల్లలు కూడా తెచ్చుకోండి.